అయిదు గడియారాల గది

"పన్నెండు," అన్నాడు స్కాలా గోడమీది గడియారం వైపు గడ్డం ఊపి. "పన్నెండు గంటల వార్తలదాకా ఆగుతాను. పాత పరిచయం కొద్దీ ఇస్తున్న గడువు ఇది, అమ్మాయ్. ఆ తర్వాత అయిదు దేశాల్లో ఆ పిల్ల ఫొటో పడిపోతుంది."

కెప్టెన్ జిత్కా మ్రాజ్కోవాకి నలభై ఆరేళ్లు. ఆమెని ఇంకా 'అమ్మాయ్' అని పిలిచే మనిషి ప్రాగ్ మొత్తంలో ఇతనొక్కడే. రెండున్నరేళ్ల క్రితందాకా పోలీసుశాఖలో ఆమెకి పైఅధికారి. ఇప్పుడు పెంటారా టెలివిజన్ కంపెనీకి భద్రతాధికారి. జీతం మూడింతలైంది, నడుము రెండింతలైంది, మాటతీరు మాత్రం మారలేదు.

"నేరం రుజువు కాకుండా ఫొటో వేస్తారా?"

"మా ఇంటి దొంగని మేమే పట్టుకున్నామని చెప్పుకుంటాం. కంపెనీ పరువు నిలబడాలిగా."

జిత్కా ప్రాగ్ గడియారం చూసింది. పదీ అయిదు. ఆ గోడకి అయిదు గడియారాలున్నాయి, దేశానికొకటి. ప్రాగ్, బ్రాతిస్లావా, బుడాపెస్ట్, బుకారెస్ట్, సోఫియా. వాటి కింద అయిదు తెరలు. పెంటారా అయిదు దేశాల ఛానెళ్లూ ఈ నేలమాళిగ గదిలోంచే ఆకాశానికెక్కుతాయి. జిత్కాకి కావాల్సింది ప్రాగ్ టైము, అందుకని మిగతా నాలుగింటినీ పట్టించుకోలేదు.

ఆ గదికి ఆనుకునే టేపుల గది. పొద్దున ఏడూ నలభైకి అందులో హినెక్ బ్రిఖ్తా శవం దొరికింది. అరవై ఒక్కేళ్ల మనిషి, టేపులు భద్రపరిచే ఉద్యోగం. తల వెనక ఒకే ఒక దెబ్బ. ఏడూ పదికీ ఏడున్నరకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఆ టైములో ప్రసారాల గదిలో డ్యూటీలో ఉన్నది ఒక్క పిరోష్కా సెంద్రెయి. టేపుల గది తలుపు ఏడూ పదహారుకి ఆమె కార్డుతోనే తెరుచుకుందని యంత్రం చెబుతోంది. శవాన్ని చూసి కేకలేసింది కూడా ఆమే.

ఇంత చక్కగా అమిరిన కేసుని చూస్తే జిత్కాకి ఎప్పుడూ ఒళ్లు మండుతుంది. స్కాలా తెచ్చి చేతికిచ్చిన కేసైతే ఇంకా మండుతుంది.

పిరోష్కా కుర్చీ అంచున కూర్చుని ఉంది. ముప్ఫై నాలుగేళ్లు ఉంటాయి. ఊరు రొమేనియాలోని క్లూజ్, ఇంట్లో మాట్లాడేది హంగేరియన్. ప్రాగ్‌కొచ్చి ఎనిమిదేళ్లైనా కంగారు పడితే చెక్ మాటలు తడబడతాయి.

"ఏడు నుంచి చెప్పమ్మా. నిమిషాల లెక్కన చెప్పు."

"ఏడూ అయిదుకి టీ పెట్టుకున్నాను మేడమ్. కార్డు కెటిల్ పక్కన పెట్టాను. మెళ్లో వేసుకుంటే వంగినప్పుడల్లా తీగల్లో చిక్కుకుంటుంది. అందరికీ తెలుసు నా కార్డు అక్కడుంటుందని."

"అందరికీ అంటే?"

"కిందికి దిగొచ్చే వాళ్లందరికీ. డైరెక్టర్ గారు కూడా రెండుసార్లు తిట్టారు."

"తర్వాత?"

"ఏడూ పద్నాలుగుకి స్లొవాక్ ఛానెల్లో గుర్రుమని మోత మొదలైంది. ఇక్కడ అయిదు తెరలూ మూగగా ఆడతాయి మేడమ్. ఏదో ఒక్కదాని శబ్దమే పైకి వింటాం, లేకపోతే పిచ్చెక్కుతుంది. స్లొవాక్ శబ్దం గట్టిగా పెట్టుకుని ఆ యంత్రాల వెనక్కి దూరాను. మోత ఏ తీగ కదిపితే ఆగుతుందో వింటూ వెతకాలి కదా."

"ఎంతసేపు?"

"ఏడూ ఇరవై ఏడుదాకా. డ్యూటీ పుస్తకంలో రాశాను."

స్కాలా నవ్వాడు. "ఆమె పుస్తకం, ఆమె పెన్ను, ఆమె చేతిరాత. నేనైతే పోప్‌ గారితో భోంచేశానని రాసుకుంటాను."

"మిమ్మల్ని అడగలేదు సార్," అంది జిత్కా. ఆ 'సార్' నోట్లోంచి చేదుగా వచ్చింది. మళ్లీ పిరోష్కా వైపు తిరిగింది. "నీ వెనక ఎవరైనా నడిచారా?"

"నా తల యంత్రాల వెనక ఉంది. పైన శబ్దం హోరెత్తుతోంది. ఏనుగు నడిచినా వినపడదు." పిరోష్కా రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పెనవేసుకుంది. "మేడమ్, ఒక్కటే అడుగుతాను. నన్ను జైల్లో పెట్టినా పర్లేదు, తర్వాత వదిలేస్తారు. ఆ ఫొటో మాత్రం వెయ్యనివ్వకండి. మా అమ్మకి క్లూజ్‌లో రొట్టెల కొట్టుంది. నేను పనిచేసే ఛానెలని పొద్దస్తమానం మాదే పెడుతుంది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ 'ఇది మా అమ్మాయి పంపిస్తోంది' అని చెబుతుంది."

జిత్కా మళ్లీ ప్రాగ్ గడియారం చూసింది. "పన్నెండుదాకా టైముంది," అంది. అదే పెద్ద ధైర్యమన్నట్టు.

టేపుల గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. రెండు వైపులా నేలనుంచి కప్పుదాకా టేపులే. చివర బ్రిఖ్తా బల్ల. బల్లమీద టేపులు చెరిపే యంత్రం, ఎనిమిది కిలోల ఇనప దిమ్మ. దాన్ని ఎవరో శుభ్రంగా తుడిచారు, కాని కింది అంచుని తుడవడం మర్చిపోయారు. అక్కడ రక్తం ఎండిపోయి ఉంది.

బల్లమీద ఒక ఖాళీ పెట్టె తెరిచి ఉంది. దాని వీపున బ్రిఖ్తా గుండ్రటి అక్షరాలతో రాసి అతికించిన కాగితాన్ని జిత్కా రెండుసార్లు చదివింది.

'ఎరువుల ఫ్యాక్టరీ. మేనేజరుతో మాటలు. పూర్తి టేపు.'

మూడేళ్ల క్రితం ఆ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై నలుగురు కార్మికులు చనిపోయారు. ఆ కేసు జిత్కాదే. పైపు పాడైపోయిందని తనకి ముందే తెలుసని మేనేజరు పెంటారా విలేకరి దగ్గర కెమెరా ముందే ఒప్పుకున్నాడని ఆమెకి తెలిసింది. టేపు కావాలని అడిగితే, చెరిగిపోయిందని కంపెనీ జవాబిచ్చింది. అవును, చెరిగిపోయిందని తన కళ్లతో చూశానని పోలీసుశాఖ తరఫున సంతకం పెట్టినవాడు మేజర్ స్కాలా. కేసు మూతబడింది. ఆరు నెలలు తిరక్కుండా స్కాలాకి ఇక్కడ ఉద్యోగం దొరికింది. ఆ నలుగురి భార్యల్లో ఒకావిడ కోర్టు మెట్లమీద జిత్కా మొహాన ఉమ్మేసింది. ఆ సంగతి జిత్కా ఎవరికీ చెప్పుకోలేదు.

బ్రిఖ్తా డైరీలో ఇవాళ్టి పేజీ తీసింది. అక్టోబరు అయిదు. పదింటికి. కోర్టు.

"చెరిగిపోయిన టేపుకి పెట్టె ఎందుకు సార్?" అంది, వెనక్కి తిరక్కుండానే. స్కాలా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడని ఆమెకి తెలుసు.

"ముసలాడికి ఖాళీ పెట్టెలు దాచుకునే పిచ్చి. ఆ పిల్ల అందులో ఏదో ఉందనుకుని ఎత్తుకుపోయి ఉంటుంది. ఎవరికైనా అమ్ముకుందామని."

"ఖాళీ పెట్టె కోసం తల పగలగొట్టిందా?"

"ఆవేశం. రొమేనియా రక్తం."

"ఈ గదిలో ఏం పోయిందో నేనింకా మీకు చెప్పలేదు. ఎత్తుకుపోయిందని మీకెలా తెలుసు?"

స్కాలా కనురెప్ప కూడా ఆడించలేదు. "పెట్టె ఖాళీగా ఉంది. నాకు కళ్లున్నాయి. నీకు పాఠాలు చెప్పింది నేనే అమ్మాయ్, నా దగ్గర నీ పప్పులుడకవు." గడియారం చూసుకున్నాడు. "పదీ ఇరవై. ఫోన్ చేసుకోవాలి. నువ్వు దుమ్ము లెక్కపెట్టుకో."

అతను వెళ్లాక జిత్కా తలుపు మూసింది. బయటి శబ్దం కత్తితో కోసినట్టు ఆగిపోయింది. తెరిచింది. ప్రసారాల గదిలో ఏది మోగుతుంటే అది స్పష్టంగా లోపలికి వచ్చింది. తలుపు దళసరి, అడుగున రబ్బరు అంచు. మూసి ఉంటే లోపలివాడు చెవిటివాడే, తెరిస్తే మాత్రం అన్నీ వినపడతాయి. హంతకుడు వెళ్లిపోవడానికి తలుపు తెరిచినప్పుడు, పిరోష్కా చెప్పింది నిజమైతే, వాడి చెవిన పడింది స్లొవాక్ ఛానెలే.

దానివల్ల ఏం తేలుతుందో ఆమెకింకా తెలీదు. ఆ సంగతి జేబులో వేసుకుని నాలుగో అంతస్తుకి వెళ్లింది. వెళ్లే ముందు తన సార్జెంటు కూబెష్‌కి ఒక పని అప్పజెప్పింది. సిబ్బంది బీరువాలన్నిటికీ పొద్దున ఎనిమిదిన్నరకే పోలీసు సీలు వేశారు. ఆ అమ్మాయి ఒప్పుకుంటే ఆమె బీరువా తెరిచి చూడాలి.

చెక్ ఛానెల్ డైరెక్టరు గది బయట ఆయన సెక్రటరీ వెరా కూర్చుంటుంది. యాభై దాటిన బొద్దు మనిషి. ఆమె బల్లమీద గులాబీల గుత్తి ఉంది. అలవాటు కొద్దీ జిత్కా లెక్కపెట్టింది. ఏడు. బేసి సంఖ్యే, బతికున్నవాళ్లకిచ్చేదే; సరి సంఖ్య శవానికి. ఆఫీసులో చావు జరిగిన రోజున ఆమాత్రం పట్టింపు ఉన్నవాడు ఎవడో అనుకుంది.

"బాగున్నాయి పూలు."

వెరా ఇబ్బందిగా నవ్వింది. "డైరెక్టర్ గారు పంపించారు మేడమ్. పేరు పండగ శుభాకాంక్షలట. పొద్దుటి నుంచీ ఆడవాళ్లంతా నన్ను ఆటపట్టిస్తున్నారు."

"ఎందుకు?"

"క్యాలెండర్లో ఒక్కో పేరుకి ఒక్కో రోజు కదా, వెరాల పండగ ఎనిమిదో తారీఖు! ఇవాళ ఎలిష్కాలది. ఇవాళ వార్తల విభాగంలో ఎలిష్కా అందరికీ రొట్టెముక్కలు, కోడిగుడ్డు సలాడ్ పంచాలి. పాపం, ఈ ఘోరంతో అదీ ఆగిపోయింది. పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, డైరెక్టర్ గారు ఎప్పుడూ తప్పలేదు. ఎనిమిదో తారీఖు అంటే ఎనిమిదే. ఈసారే ఏమైందో." గొంతు తగ్గించింది. "మతిమరుపేమో అంటున్నారు వీళ్లు. ఆయనకి యాభై రెండే మేడమ్!"

"ఆయన గదిలో టీవీలో ఏ ఛానెళ్లొస్తాయి?"

"మనదొక్కటే. పోయిన నెల్లో కొత్త లైను వేశాక ఏ అంతస్తులోనైనా అంతే. స్లొవాక్ వాళ్లది చూడాలన్నా కిందికి పోవాల్సిందే. ఆయనే విసుక్కుంటూ ఉంటారు."

జిత్కా మనసులో లెక్క కట్టింది. వెరా, ఎనిమిది. ఇవాళ అయిదు. జిత్కా వాళ్ల అత్త బ్రాతిస్లావాలో ఉంటుంది. ఆవిడ పేరూ అదే, వాళ్ల పలుకుబడిలో వియెరా. ఏటా అక్టోబరులో చెక్ క్యాలెండరు చూసి ఎనిమిదిన ఫోన్ చేస్తుంది జిత్కా, 'నా పండగ మొన్ననే అయిపోయింది, నీకు గుర్తుండి చస్తేనా' అని ఏటా తిట్లు తింటుంది.

మొన్ననే. అంటే అయిదునే.

లోపల డైరెక్టరు, ఇంజినీర్ వ్రతిస్లావ్ తొమాన్, లేచి నిలబడి చెయ్యి కలిపాడు. నున్నగా దువ్విన జుట్టు, నలగని చొక్కా. చెయ్యి మాత్రం చెమటగా ఉంది.

"కూర్చోండి ఇంజినీరు గారూ. ఏడు నుంచి ఏడూ నలభైదాకా మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే. రోజూ మన పొద్దుటి కార్యక్రమం చూడకుండా నేను పని మొదలుపెట్టను. ఎవరినైనా అడగండి."

"కదలకుండా చూశారా?"

"బాత్రూముక్కూడా లేవలేదు."

"మీరు ఒంటరిగా ఉన్నారు. రుజువేమిటి?"

తొమాన్ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ముందే తయారుచేసి పెట్టుకున్నది. "ఏడూ ఇరవైరెండుకి వాతావరణం అయ్యాక ఇవాళ ఎవరి పేరు పండగో చెప్పారు. అయ్యో, మన వెరా పండగ మర్చిపోయానే అని నాలిక్కరుచుకున్నాను. ఆ వెంటనే పూలకొట్టుకి ఫోన్ చేశాను. ఏడూ ముప్ఫై ఒకటి. ఫోన్ కంపెనీని అడగండి, ఈ బల్లమీది ఫోన్ నుంచే."

"మన ఛానెల్లో చెప్పారు, వెరా అని?"

"అవును."

"మీ చెవులతో విన్నారు?"

"కెప్టెన్ గారూ, ఒకే ప్రశ్న ఎన్నిసార్లు?"

"పాత అలవాటు లెండి. రాసిపెడతాను, సంతకం చెయ్యండి." చేశాడు. ఆ సంతకం మీద సిరా ఆరకముందే ఆమె ఫోన్ మోగింది. అవతల కూబెష్.

"మేడమ్, ఆ అమ్మాయి బీరువా ఇప్పుడే తెరిచాం. సీలు చెక్కుచెదరలేదు, నేనే కోశాను. లోపల కోటు జేబులో ముక్కలు చేసిన టేపు. దానిమీద ఎరువుల ఫ్యాక్టరీ అని కాగితం ఉంది." కూబెష్ గొంతు నీరసంగా ఉంది. వాడికీ ఆ పిల్ల మీద జాలి. "టైము పదకొండూ పదిహేను, రాసుకున్నాను."

జిత్కా కళ్లు మూసుకుంది. తెరిచి చూసేసరికి తొమాన్ మొహంలో ఒక్క క్షణం తేలిక కనిపించి మాయమైంది. ఫోన్లో చెప్పింది అతనికి వినపడలేదు. అయినా తేలికపడ్డాడు.

"కిందికి రండి ఇంజినీరు గారూ," అంది. "మీకో కార్యక్రమం చూపించాలి."

పదకొండూ ముప్ఫై అయిదు. ప్రసారాల గదిలో స్కాలా పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"దొరికిందిగా? కోటు జేబులో! ఇంక ఆ ఫొటో ఎందుకాపాలో చెప్పు అమ్మాయ్. మూడేళ్ల క్రితమూ ఇంతే నువ్వు. ఉన్నదాన్ని వదిలి లేనిదాని వెంట పరిగెత్తడం."

"మూడేళ్ల క్రితం చెరిగిపోయిందని మీరు సంతకం పెట్టిన టేపు ఇవాళ ఆమె జేబులో ఎలా దొరికింది?"

"నకలేమో. నాకేం తెలుసు?"

"సరే, అది తర్వాత. పిరోష్కా, పొద్దున ఏడూ ఇరవై రెండుకి చెక్ ఛానెల్లో పోయింది వెయ్యమ్మా."

పిరోష్కా వేళ్లు మీటలమీద నడిచాయి. తెరమీద పొద్దుటి అమ్మాయి ప్రత్యక్షమైంది. మూలన టైము నడుస్తోంది. వాతావరణం అయిపోయింది. "ఇవాళ ఎలిష్కాల పండగ! ఎలిష్కాలందరికీ మా ముద్దులు!"

జిత్కా రెండో తెర వైపు వేలు చూపింది.

"ఇప్పుడు అదే నిమిషం, స్లొవాక్‌ది."

ఇంకో అమ్మాయి, ఇంకో సోఫా. వెనక సన్నగా గుర్రుమనే మోత. "వియెరాలందరికీ పేరు పండగ శుభాకాంక్షలు. పూలు కొనడం మర్చిపోకండి మగవాళ్లూ!"

తొమాన్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"మగవాళ్లు మర్చిపోలేదు," అంది జిత్కా. "ఇంజినీరు గారూ, చెక్ క్యాలెండర్లో వెరా పండగకి ఇంకా మూడు రోజులుంది. స్లొవాక్ వాళ్లకి ఇవాళే. ఆ ముక్క ఈ భవనంలో పైకి వినపడింది ఒకే ఒక్క గదిలో, అదీ పదమూడు నిమిషాలపాటు. ఈ అమ్మాయి పుస్తకంలో రాసింది అక్షరాలా నిజమని మీరే సాక్ష్యం చెప్పారు. ఆమె యంత్రాల వెనక ఉంది. మీరు ఆ తలుపు తెరుచుకుని ఆమె వెనకనుంచి నడిచి వెళ్లారు. రెండు భాషలూ దగ్గరివే, ఆ కంగారులో విన్నది మన ఛానెలే అనుకున్నారు. మనిషిని చంపి వస్తూ కూడా సెక్రటరీ పండగ మర్చిపోయాననుకుని కంగారుపడ్డారు చూడండి, దానికి మాత్రం మెచ్చుకోవాలి."

"క్యాలెండరు తప్పు చూసుకున్నానంతే. ఎవరైనా..." తొమాన్ నీళ్లు నమిలాడు.

"క్యాలెండరు చూడలేదు, మన ఛానెల్లో మీ చెవులతో విన్నానని సంతకం పెట్టారు. టైముతో సహా."

తొమాన్ స్కాలా వైపు చూశాడు. మనిషి మునిగిపోతూ చూసే చూపు అది. "టేపు చెరిగిపోయిందని మీకు జవాబు రాసింది నేనే. బ్రిఖ్తా దాన్ని కోర్టుకి తీసుకెళ్తానన్నాడు," అన్నాడు. "బతిమాలాను. వినలేదు. ఆ దిమ్మ చేతికి దొరికింది..."

"నోరు మూసుకో!" అన్నాడు స్కాలా.

గుమ్మంలో నిలబడ్డ కూబెష్ వచ్చి తొమాన్ చేతులకి సంకెళ్లు వేశాడు. జిత్కా ప్రాగ్ గడియారం చూసింది. పదకొండూ నలభై ఎనిమిది. పన్నెండు నిమిషాలు మిగిలాయి. మూడేళ్లలో మొదటిసారి ఆమెకి ఊపిరి పూర్తిగా అందింది.

"వార్తల విభాగానికి ఫోన్ చెయ్యండి సార్. ఫొటో ఆపమనండి. టైముంది."

స్కాలా కదల్లేదు. తాపీగా సిగరెట్టు పెట్టె తీసి, ఆ గదిలో కాల్చకూడదని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

కదిలింది పిరోష్కా. ఆమె గోడవైపు చూస్తోంది. నాలుగో గడియారం వైపు.

"మేడమ్," అంది. "బుకారెస్ట్‌లో ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది."

జిత్కాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తనూ నాలుగో గడియారం చూసింది. బుకారెస్ట్ పన్నెండంటే ప్రాగ్ పదకొండు. తను పైన వెరా గులాబీలు లెక్కపెడుతున్నప్పుడే రొమేనియాలో, బల్గేరియాలో వార్తలు అయిపోయాయి. రెండు దేశాల క్యాలెండర్లలో తేడా పట్టి హంతకుణ్ణి పట్టుకున్న మనిషి, కళ్లెదుటి గడియారం చూడలేదు. అదీ ఈ గదిలోనే, ఈ గోడ ముందే నిలబడి.

"పన్నెండన్నాను," అన్నాడు స్కాలా. "ఏ ఊరి పన్నెండో నువ్వడగలేదు."

అతణ్ణి కొట్టాలనిపించింది జిత్కాకి. చెయ్యి లేచింది కూడా. కాని అతను ఆమెకి నేర్పిన పాఠాల్లో పనికొచ్చేది ఒకటుంది. ఒళ్లు మండినప్పుడు టైము రాసుకో. చెయ్యి దించింది.

"పిరోష్కా, ఆ రొమేనియా వార్తలు వెయ్యి."

"వద్దు మేడమ్."

"వెయ్యమ్మా. నీకోసమే అడుగుతున్నాను. ప్రతి ముక్కా నాకు చెక్‌లో చెప్పు."

తెరమీద పిరోష్కా ఫొటో వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు తీసిన ఫొటో. ఎనిమిదేళ్ల కిందటి నవ్వు. మూలన టైము, ప్రాగ్ లెక్కన పదకొండూ మూడు. పిరోష్కా పక్కన నిలబడి ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు ఒక్కో వాక్యం చెప్పింది.

"ప్రాగ్‌లో హత్య... క్లూజ్‌కి చెందిన ఉద్యోగిని పోలీసుల అదుపులో... పోయిన టేపు ముక్కలై ఆమె బీరువాలో, కోటు జేబులో దొరికింది..." ఆగిపోయింది.

"ఆగు. మళ్లీ వెయ్యి."

మళ్లీ వేసింది. మళ్లీ అదే మాట. కోటు జేబులో.

"కూబెష్, ఆ బీరువా ఎన్నింటికి తెరిచావు?"

"పదకొండూ పదిహేను మేడమ్. సీలు ఎనిమిదిన్నర నుంచి అలాగే ఉంది."

"అంటే పదకొండూ మూడుకి ఆ జేబులో ఏముందో ఈ భూమ్మీద ఒక్కడికే తెలిసుండాలి. ఎనిమిదిన్నరకి ముందు దాన్ని అక్కడ పెట్టినవాడికి." జిత్కా స్కాలా వైపు తిరిగింది. "ఈ వార్త బుకారెస్ట్‌కి ఎవరు పంపారు?"

జవాబు పిరోష్కా చెప్పింది. ప్రతి వార్త కాగితం మీదా పంపినవాడి పేరు, టైము పడతాయి. తెర తిప్పి చూపించింది. పదీ ఇరవై నాలుగు. బి. స్కాలా.

'ఫోన్ చేసుకోవాలి. నువ్వు దుమ్ము లెక్కపెట్టుకో.'

స్కాలా కాళ్లు తలుపు వైపు కదిలాయి. అక్కడ కూబెష్ ఉన్నాడు. కూబెష్‌కి ఇరవై తొమ్మిదేళ్లు, వంద కిలోలు. స్కాలా ఆగిపోయాడు. మొట్టమొదటిసారి అతని మొహంలో వయసు కనిపించింది.

"జిత్కా," అన్నాడు. అమ్మాయ్ అనలేదు. "మనం మాట్లాడుకోవచ్చు."

"కోర్టులో మాట్లాడుకుందాం మేజర్ గారూ. ఆ నలుగురి భార్యలు కూడా వస్తారు. ఈసారి మెట్లమీద మీరు నా ముందు నడవండి."

కూబెష్ దగ్గర ఇంకో జత సంకెళ్లు లేవు. జిత్కా తనవి తీసి తనే వేసింది. తొందరపడలేదు. ఆ చప్పుడు మూడేళ్లుగా వినాలనుకున్న చప్పుడు. విన్నాక మాత్రం అనుకున్నంత సంతోషం రాలేదు.

ఎందుకంటే బల్లమీద పిరోష్కా ఫోన్ వెలుగుతోంది. మోత తీసేసి ఉండటంతో ఎప్పటినుంచి వెలుగుతోందో ఎవరూ చూడలేదు. పదిహేడు పిలుపులు. అన్నీ క్లూజ్ నుంచి, రొట్టెల కొట్టు నంబరు నుంచి.

పద్దెనిమిదోసారి వెలిగింది. పిరోష్కా తీసి చెవిన పెట్టుకుంది. అవతలి గొంతు జిత్కాకి కూడా సన్నగా వినిపించింది, ముసలి గొంతు, హంగేరియన్‌లో. జిత్కాకి ఆ భాష రాదు. అయినా అది ప్రశ్న అని తెలిసింది. ఒకే చిన్న ప్రశ్న.

పిరోష్కా ఫోన్ గుండెకి అదుముకుని జిత్కా వైపు చూసింది.

"ఏమంటోంది మీ అమ్మ?"

"నువ్వే చేశావా, అని అడుగుతోంది మేడమ్."

గోడమీద ప్రాగ్ గడియారం ముల్లు పన్నెండు మీదకి వచ్చింది. చెక్, స్లొవాక్, హంగేరీ తెరల మీద ఒకేసారి వార్తల సంగీతం మొదలైంది, మూగగా. స్కాలా ఫోన్ చెయ్యలేదని, తను కూడా చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది జిత్కాకి.

మూడు తెరలమీదా ఆ పాత నవ్వు వెలిగింది.